నల్లగొండ ఇంట్లో 12 అడుగుల హాలు: కెఫ్ క్యూ150 మేలా, ఎలాక్ బీ6.2 మేలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. నల్లగొండలో కొత్తగా కట్టుకున్న ఇంట్లో మీ హాలు 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉంది. నేలంతా గ్రానైట్, గోడలకు నున్నటి పుట్టీ, పైన స్లాబు. 8 ఓమ్‌ల దగ్గర 45 వాట్లు ఇచ్చే స్టీరియో యాంప్లిఫయర్ ఇప్పటికే కొన్నారు. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో కెఫ్ క్యూ150, ఎలాక్ డెబ్యూ బీ6.2 స్పీకర్ల జతలను ఒకదాని తరువాత ఒకటి అరగంట సేపు విన్నారు. ఎలాక్ నిండుగా వినిపించింది, కెఫ్ పలచగా అనిపించింది, అయినా పాడేవారి గొంతు కెఫ్‌లోనే స్పష్టంగా ఉందని తోచడంతో ఎటూ తేల్చుకోలేక తిరిగి వచ్చారు. మీరు వినేది ఎక్కువగా పాత సినిమా పాటలు, కర్ణాటక గాత్రం. పిల్లలు కొత్త పాటలు వింటారు. స్పీకర్లను టీవీ షోకేసు గూళ్లలో పెట్టాలని ఇంట్లో అనుకుంటున్నారు.

నేను మహబూబ్‌నగర్ వాడిని. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించి పదవీ విరమణ చేశాను. 30 ఏళ్లకు పైగా స్పీకర్లను వినడం, విప్పి బాగుచేయడం, స్నేహితుల ఇళ్లలో అమర్చిపెట్టడం నాకు అలవాటు. మీరు అడిగిన రెండు జతలనూ మా ఇంట్లో పక్కపక్కన పెట్టి విన్నాను. కాబట్టి ముందు నా అభిప్రాయం సూటిగా చెబుతాను: స్పీకర్లను షోకేసు నుంచి బయటికి తెచ్చి స్టాండ్ల మీద పెట్టగలిగితే, మీ హాలుకు, మీరు వినే పాటలకు నేను కెఫ్ క్యూ150నే ఎంచుకుంటాను. అయితే ఆ దుకాణంలో చేసిన పోలికను మాత్రం, అది కెఫ్ వైపు మొగ్గినా ఎలాక్ వైపు మొగ్గినా, లెక్కలోకి తీసుకోవద్దని కోరుతున్నాను. అక్కడ మీరు విన్నది రెండు స్పీకర్ల మధ్య తేడా కాదు. రెండు శబ్ద తీవ్రతల మధ్య తేడా, ఇంకా ఆ గది, స్పీకర్లు నిలబెట్టిన చోటు, అన్నీ కలిసిన తేడా.

తీవ్రత సంగతి ముందుగా చూద్దాం, ఎందుకంటే పోలికలను పాడుచేసే వాటిలో అదే అన్నిటికన్నా పెద్దది. తయారీదారులు ఇచ్చిన వివరాల ప్రకారం క్యూ150 సున్నితత్వం 86 డెసిబెళ్లు, బీ6.2ది 87. ఈ అంకెల అర్థం ఏమిటంటే, స్పీకర్‌కు 2.83 వోల్టులు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే అంత తీవ్రత వస్తుందని. యాంప్లిఫయర్ నాబ్‌ను కదపకుండా ఒక జత నుంచి మరో జతకు మారితే రెండింటికీ అందేది ఒకే వోల్టేజీ, కాబట్టి ఎలాక్ దాదాపు ఒక డెసిబెల్ ఎక్కువగా మోగుతుంది. ఒక డెసిబెల్ తేడాను మన చెవి 'శబ్దం పెరిగింది' అని గుర్తించదు. 'నిండుగా ఉంది', 'దగ్గరగా ఉంది', 'ప్రాణం ఉంది' అని గుర్తిస్తుంది. దానికి తోడు తక్కువ తీవ్రతలో మన చెవికి బాస్ సరిగా ఆనదు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గీసిన సమాన తీవ్రతా రేఖలు చూపించినది ఇదే. తీవ్రత కాస్త పెరగగానే అన్నిటికన్నా ముందు బాస్ నిండినట్టు అనిపిస్తుంది. మీరు దుకాణంలో చెప్పుకున్న 'నిండు', 'పలచన' అనే రెండు మాటల్లో కొంత భాగం ఈ ఒక్క డెసిబెల్‌దే అయి ఉంటుంది.

ఇక్కడే మరో విషయం గమనించాలి. 87 అనే అంకె చూసి ఎలాక్‌కు తక్కువ కరెంటు చాలునని అనుకోవద్దు. దాని నామమాత్రపు ఇంపీడెన్సు, అంటే కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు, 6 ఓమ్‌లు. 2.83 వోల్టులు 8 ఓమ్‌ల స్పీకర్‌లో ఒక వాట్ అవుతాయి, 6 ఓమ్‌ల స్పీకర్‌లో 1.33 వాట్లు అవుతాయి. వాట్‌కు వాట్ పోల్చితే రెండూ దాదాపు సమానమే. అలాగని క్యూ150ని తేలికైన భారమని కూడా అనలేం, ఎందుకంటే 8 ఓమ్‌లు అని రాసినా దాని ఇంపీడెన్సు ఒక చోట 3.7 ఓమ్‌ల దాకా దిగుతుందని తయారీదారే చెప్పారు. మీ 45 వాట్ల యాంప్లిఫయర్‌కు ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది. ఒక్కో స్పీకర్‌కు ఒక వాట్ అందితే, 9 అడుగుల దూరంలో కూర్చున్న మీకు రెండూ కలిసి సుమారు 80 డెసిబెళ్లు ఇస్తాయి. ఇంట్లో వినడానికి అది తక్కువేమీ కాదు. మృదంగం దెబ్బ లాంటి క్షణికమైన శబ్దం 15 డెసిబెళ్లు పైకి లేచినా 30 వాట్లకు కాస్త పైన సరిపోతుంది. కాబట్టి వాట్ల గురించి ఇక ఆలోచించనక్కర లేదు.

దుకాణంలో విన్నదాన్ని ఎందుకు అంతగా నమ్మవద్దంటున్నానో చెప్పడానికి నా అనుభవం ఒకటి ఉంది. చాలా ఏళ్ల క్రితం నగరంలో ఒక దుకాణంలో రెండు జతలు విన్నాను. ఒక జత నాకు బొత్తిగా నచ్చలేదు. బాస్ లేదు, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు, గది అంతా పరుచుకుపోయినట్టుగా ఉంది. రెండో జత గుండెకు తగిలేటట్టు మోగింది. రెండోది కొని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఏడాది తరువాత అదే దుకాణానికి వేరే పని మీద వెళ్లి, స్పీకర్ల బోర్డు వెనక్కి తొంగిచూస్తే, నేను కాదన్న జతలో ఒక స్పీకర్‌కు ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారుగా బిగించి ఉన్నాయి. ఒక కోన్ ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి వెళ్తుంది, బాస్ రెండింటి మధ్య రద్దయిపోతుంది, గొంతు మధ్యలో నిలవదు. ఒక మంచి జతను నేను వద్దనుకున్నది ఆ తీగ వల్లనే. ఈ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీరు క్యూ150లో విన్న పలచదనానికి కారణం ఇదే అని నేను అనడం లేదు. కానీ అక్కడ వెనక్కి వెళ్లి చూడనిదే, కాదని కూడా అనలేం.

ఇంతకూ నేను ఎగిరి గంతేసి తెచ్చుకున్న ఆ రెండో జత ఇంట్లో ఏం చేసిందో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ హాలు సంగతి అందులోనే ఉంది. మా పాత ఇల్లు మట్టి గోడల మిద్దె. పైన చెక్క దూలాలు, వాటి మీద పలకలు, గోడల నిండా గూళ్లు. అందులో ఏ స్పీకర్ పెట్టినా బాస్ ఎన్నడూ ఉబ్బలేదు. పలకలు కొంత మింగేసేవి, దూలాలు, గూళ్లు మిగతా శబ్దాన్ని నలువైపులా చెదరగొట్టేవి. తరువాత కట్టిన ఇంట్లో నేలకు తాండూరు బండలు, పైన స్లాబు, గోడలకు సిమెంటు. ఆ జతను మొదటిసారి అక్కడ పెట్టి వింటే మృదంగం తొప్పి, అంటే బాస్ పలికే ఎడమ ముఖం, మీద పడే ప్రతి దెబ్బా ఒకే శ్రుతిలో 'దుమ్' అని మోగి, అర క్షణం ఆగి, మెల్లగా చచ్చిపోయేది. వాయించేవారు గుంకీ వేసినప్పుడు నాదం కిందికి మీదికి జారాలి. మా గదిలో అది జారలేదు, ఒక్కచోటే నిలబడి ఊగింది. అది స్పీకర్ చేసిన పని కాదు, గది చేసిన పని.

దాని లెక్క చిన్నదే. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపుతో ఆ వేగాన్ని భాగిస్తే, ఆ గోడల మధ్య ఏ నాదం నిలబడిపోతుందో తెలుస్తుంది. మీ హాల్లో 14 అడుగుల పొడవుకు అది 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు), 12 అడుగుల వెడల్పుకు 47, 10 అడుగుల ఎత్తుకు 56. మూడు కొలతలూ వేర్వేరు కావడం మీ అదృష్టం. 12 కి 12 అడుగుల చదరపు గది అయితే రెండు కలిసి ఒకేచోట పడి భరించలేనంత ఉబ్బు వచ్చేది. ఇప్పుడు స్పీకర్ల వైపు చూడండి. తయారీదారుల లెక్క ప్రకారం బీ6.2 దిగువన 44 హెర్ట్జ్ దాకా వెళ్తుంది, క్యూ150 నికరంగా 51 దాకా ఉండి ఆ కింద తగ్గిపోతుంది. అంటే మీ హాలు తనంతట తానే మోగే 47 హెర్ట్జ్ దగ్గర ఎలాక్ ఇంకా బలంగానే ఉంటుంది, కెఫ్ అప్పటికే వెనక్కి తగ్గుతూ ఉంటుంది. కాగితం మీద ఎలాక్‌కు గుణంగా కనిపించేది ఆ గోడల మధ్య భారమయ్యే అవకాశం ఎక్కువ. పెద్ద హాలు, లేదా సోఫాలు, పరుపులు, తెరలు నిండిన గది అయితే నేను ఇదే మాట తిరగేసి చెప్పేవాణ్ని.

51 హెర్ట్జ్‌తో ఆగిపోతే పాటలో ఏదైనా పోతుందా అని మీకు అనుమానం రావచ్చు. ఒకటి శ్రుతిలో పాడే పురుషుడి ఆధార షడ్జం సుమారు 130 హెర్ట్జ్. ఆయన మంద్ర పంచమానికి దిగినా 98 దగ్గరే ఉంటాడు. తంబూరా మంద్ర తీగ 65. ఇవన్నీ రెండు స్పీకర్లకూ అందుబాటులో ఉన్నవే. నష్టం ఉంటే కొత్త సినిమా పాటల్లో కంప్యూటర్ మీద కట్టిన బాస్‌లో, 40 హెర్ట్జ్, అంతకన్నా కింద ఉండే భాగంలో ఉంటుంది, దాన్ని బీ6.2 కూడా పూర్తిగా ఇవ్వలేదు. 1970లలో బీబీసీ వారు ప్రసార వాహనాల్లో వాడుకోవడానికి ఎల్‌ఎస్3/5ఏ అనే చిన్న మూసిన పెట్టె స్పీకర్‌ను రూపొందించారు. లోతైన బాస్‌ను వదులుకుని మనిషి గొంతును నిజాయితీగా వినిపించడమే దాని పని. అర్ధశతాబ్దం తరువాత కూడా దాన్ని వెతుక్కుని కొనేవారు ఉన్నారు. చిన్న గదిలో చిన్న పెట్టెను ఎంచుకోవడం రాజీ పడటమని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఈ రెండు స్పీకర్ల మధ్య అసలైన నిర్మాణ భేదం మరొకటి ఉంది, దుకాణాల్లో దాని గురించి ఎవరూ చెప్పరు. బీ6.2లో కింది నాదాలిచ్చే 6.5 అంగుళాల వూఫర్ కింద, పై నాదాలిచ్చే ఒక అంగుళం ట్వీటర్ పైన, ఈ రెండు డ్రైవర్లూ విడివిడిగా ఉంటాయి. క్యూ150లో 5.25 అంగుళాల కోన్ నడిబొడ్డునే ట్వీటర్ కూర్చుని ఉంటుంది. 1988 నుంచి కెఫ్ వారు వాడుతున్న యూనీ-క్యూ పద్ధతి ఇది. విడివిడిగా ఉన్న రెండు డ్రైవర్లు ఒకే నాదాన్ని పంచుకునే చోటు, అంటే క్రాసోవర్, ఎలాక్‌లో 2,200 హెర్ట్జ్ దగ్గర ఉంది. అక్కడ శబ్ద తరంగం పొడవు 15 సెంటీమీటర్లకు కాస్త పైన, దాదాపు అరడుగు. ఆ రెండు డ్రైవర్ల కేంద్రాల మధ్య ఎడం కూడా ఇంచుమించు అంతే. మీ చెవి ట్వీటర్ ఎత్తులో ఉన్నంత సేపు రెండింటి నుంచి వచ్చే శబ్దం కలిసి నడుస్తుంది. చెవి కిందికో పైకో బాగా జరిగితే ఒకదాని దారి పొడవై, రెండూ ఒకదానినొకటి కొంత రద్దు చేసుకుంటాయి. ఆ నాదాలు మనిషి గొంతులో అక్షరాల స్పష్టత ఉండే భాగంలోనే ఉంటాయి కాబట్టి, మాట కాస్త గుల్లబారినట్టు వినిపిస్తుంది. ఇది ఎలాక్ తప్పు కాదు, రెండు డ్రైవర్లను ఒకదాని మీద ఒకటి పెట్టిన ప్రతి స్పీకర్‌కూ ఉన్న లక్షణం. ఎలాక్ డెబ్యూ శ్రేణిని రూపొందించిన ఆండ్రూ జోన్స్ మొదట్లో కెఫ్‌లోనే పనిచేసిన మనిషి, ఈ విషయం ఆయనకు తెలియనిదీ కాదు. ఆ ధరలో ఆయన చేయగలిగినది చాలా గొప్పగానే చేశారు.

మన ఇళ్లలో దీనికి ఎందుకింత ప్రాధాన్యం ఇస్తున్నానంటే, మనం ఒకే ఎత్తులో కూర్చుని పాటలు వినం. సోఫాలో ఒకరుంటారు, జంపఖానా పరుచుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని ఇద్దరుంటారు, కూరగాయలు తరుగుతూ పీట మీద ఒకరుంటారు, మంచం మీద ఒరిగి ఒకరుంటారు. సోఫాలో చెవి నేల నుంచి మూడడుగులకు పైన ఉంటే, బాసింపట్టు వేసుకున్నవారి చెవి రెండున్నర అడుగుల దగ్గర ఉంటుంది. క్యూ150 వీరందరికీ దాదాపు ఒకే గొంతు వినిపిస్తుంది. మా ఇంట్లో పోల్చినప్పుడు నన్ను కెఫ్ వైపు తిప్పిన కారణం ఇదే.

ఆ పోలికను కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు కూడా అలాగే చేయాలని నా కోరిక. ఎలాక్ జత ఒక స్నేహితుడిది, కెఫ్ జత మరొకరి దగ్గర రెండు రోజులకు అడిగి తెచ్చాను. వేసవి కావడంతో పగలంతా కూలర్ తిరుగుతుంది, ఆ హోరులో తంబూరా కూడా వినిపించదు. అందుకని తెల్లవారుజామున అయిదు గంటలకు, కూలర్, ఫ్యాను ఆపి మొదలుపెట్టాం. బండల మీద సుద్దముక్కతో స్టాండ్ల చోట్లు గీశాను. రెండు జతలనూ పక్కపక్కనే పెట్టి, యాంప్లిఫయర్ వెనుక ఉండే ఏ, బీ తీగ బిగింపులకు కలిపాను. రెండూ ఒకేసారి మోగకుండా జాగ్రత్తపడ్డాను, లేకపోతే 8 ఓమ్‌లు, 6 ఓమ్‌లు కలిసి మూడున్నర దగ్గరికి పడి యాంప్లిఫయర్ మీద భారం పడుతుంది. నా సోఫాలో తల ఉండే చోట పీటల మీద దిండు వేసి, దాని మీద ఫోను పెట్టి, అందులో తీవ్రత కొలిచే యాప్ తెరిచి, పింక్ నాయిస్, అంటే అన్ని నాదాలూ కలిసిన హోరు, వేశాను. ఫోను చెప్పే అంకె కచ్చితం కాకపోయినా రెండింటి మధ్య తేడాను చెప్పడానికి సరిపోతుంది. ఎలాక్‌కు మారినప్పుడు నాబ్ ఎంత తగ్గిస్తే అంకె సమానమవుతుందో చూసి, నాబ్ పక్కన రెండు చిన్న టేపు ముక్కలు అంటించాను. స్పీకర్ల ముందు ఒక పలచటి నూలు చీరను తాడు మీద వేలాడదీశాం. నోటితో ఊదితే అవతలికి గాలి పోయే బట్ట అయితే శబ్దాన్ని అడ్డుకోదు. తెర వెనుక మార్చే పని మా మేనల్లుడిది. ఏది మోగుతోందో అతడు ఎవరికీ చెప్పకూడదు, కాగితం మీద రాసుకోవాలి.

తెర ఎందుకని మీరు అడగవచ్చు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే స్పీకర్లను ఒకే శ్రోతలకు చూస్తూ ఒకసారి, చూడకుండా ఒకసారి వినిపించారు. చూస్తూ విన్నప్పుడు పరిమాణం, ధర, పేరు మార్కులను మార్చేశాయి, చూడనప్పుడు ఆ తేడాలు కరిగిపోయాయి. అనుభవం ఉన్న శ్రోతలకు కూడా అంతే అయింది. నాకు అనుభవం ఉంది కాబట్టి నేను మోసపోనని అనుకోవడానికి వీల్లేదు.

మొదటి ఆవృత్తిలో తీవ్రతలు సరిచేయకుండానే విన్నాం, కావాలనే. వచ్చిన మిత్రుల్లో మృదంగం వాయించే ఆయన ఒకరు. ఆయనా, నేనూ, మిగతావారూ ఎలాక్‌నే ఎంచాం. తరువాత టేపు గుర్తుల ప్రకారం సమానం చేసి విన్నాం. అప్పుడు అభిప్రాయాలు చీలిపోయాయి. డప్పు, కొత్త సినిమా పాటల దగ్గర ఎక్కువసార్లు ఎలాక్‌కే ఓటు పడింది. డప్పు మీద చిర్రా, సిటికెన పుల్ల రెండింటి దెబ్బలూ దానిలో దేహంతో సహా వినిపించాయి. గాత్రం దగ్గర మాత్రం మేము వరుసగా కెఫ్‌నే చూపించాం. మృదంగం మిత్రుడు ఒక మాట అన్నాడు: "ఎలాక్‌లో తొప్పి పెద్దగా ఉంది, కెఫ్‌లో తొప్పి మీద వేళ్లు కనబడుతున్నాయి." ఆ మాట తరువాత ఆయన నేల మీద కూర్చుని మళ్లీ విన్నాడు, నన్నూ కూర్చోమన్నాడు. నేల మీద నుంచి వింటే ఎలాక్‌లో గాయకురాలి గొంతు ఒక అడుగు వెనక్కి వెళ్లినట్టయింది, కెఫ్‌లో అక్కడే నిలిచింది. ఒక రోజు తరువాత జతల చోట్లు తారుమారు చేసి, బయటి వైపువి లోపలికి, లోపలివి బయటికి పెట్టి మళ్లీ విన్నాం, ఎందుకంటే పక్కపక్కన పెట్టినప్పుడు ఎనిమిది అంగుళాల తేడా కూడా బాస్‌ను మారుస్తుంది. గాత్రం మీద తీర్పు మారలేదు. డప్పు మీద కాస్త మారింది. కాబట్టి డప్పు విషయంలో నేను నా చెవిని ఎక్కువగా నమ్మడం లేదు.

వినడానికి ఏ పాటలు ఎంచుకోవాలన్నది చాలామంది తేలికగా తీసుకుంటారు. మీ ఇంట్లో ఘంటసాల కాలం నాటి పాటలు వింటారు కదా, అవి దాదాపు అన్నీ మోనోలో రికార్డు చేసినవే. మోనో పాట అంటే రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం వెళ్తుంది, కాబట్టి గొంతు, వయొలిన్లు, తబలా అన్నీ సరిగ్గా మధ్యలో, పలక మీద గీత గీసినట్టు సన్నగా నిలబడాలి. అది ఎడమకో కుడికో ఒరిగితే, లేక గోడంతా పరుచుకుపోతే, తీగ తారుమారైందో, ఒక స్పీకర్ పక్కన గోడ ఉండి మరో స్పీకర్ పక్కన తలుపు తెరిచి ఉందో, లేదా ఆ జతలో రెండు పెట్టెలూ ఒకేలా లేవో అన్నమాట. ఏ స్పీకర్ కొన్నా నేను మొదట వేసేది మోనో పాటే. ఆ తరువాత స్త్రీ గొంతుతో 'స', 'శ' అక్షరాలు ఎక్కువగా ఉన్న కీర్తన ఒకటి వినండి. అవి గుచ్చుకుంటే ట్వీటర్ మీదకు నెట్టకండి, ముందు మీ గ్రానైట్ నేలను అనుమానించండి. చివరగా కచేరీలో చప్పట్లు వినండి. మంచి స్పీకర్‌లో అవి అరచేతుల్లా ఉంటాయి, చెడ్డ గదిలో వేడి నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటాయి.

ఇప్పుడు షోకేసు గూళ్ల సంగతి. క్యూ150 పోర్టు, అంటే పెట్టెలోని గాలి ఆడే రంధ్రం, వెనుక ఉంది, బీ6.2 పోర్టు ముందు ఉంది, కాబట్టి గూట్లో పెట్టాలంటే ఎలాక్ కొనమని చాలామంది చెబుతారు. ఇది సగం నిజం. వెనుక పోర్టుకు ఊపిరాడటానికి నాలుగైదు అంగుళాల ఖాళీ చాలు. అసలు సమస్య పోర్టు ఎటు ఉందన్నది కాదు, పెట్టె గోడకు ఎంత దగ్గరగా ఉందన్నది. 50 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అంత పొడవైన తరంగానికి పెట్టె ముందు, వెనుక అన్న తేడా ఉండదు, అది అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది, పక్కనే గోడ ఉంటే బాస్ 6 డెసిబెళ్ల వరకు పెరిగే అవకాశం ఉంది. గూడు అంటే అయిదు వైపులా గోడలే. అందులో పెట్టిన స్పీకర్‌లో గొంతు బిందెలోంచి పలికినట్టు ఉంటుంది. ఇంట్లోవారు ఒప్పుకోక గూట్లోనే పెట్టాల్సి వస్తే, ఎలాక్ కంటే కూడా కెఫ్ కొని, దాని పోర్టులో చుట్టిన స్పాంజి ముక్కో, శుభ్రమైన పాత మేజోడో దూర్చి, పెట్టె ముఖాన్ని గూడు అంచుకు సమంగా ముందుకు జరపండి. బాస్ కాస్త తగ్గుతుంది, గూడు ఇచ్చే ఉబ్బుతో అది సరిపోతుంది. ఇది బాగుంటుందని నేను అనను, భరించగలిగేలా ఉంటుంది.

స్టాండ్లకు వేలు ఖర్చు పెట్టనక్కర లేదు. మీ ఊళ్లో వెల్డింగు దుకాణంలో మూడంగుళాల చదరపు ఇనుప గొట్టంతో, కింద పైన పలక వేయించి, రెండున్నర అడుగుల ఎత్తున చేయించండి. గొట్టంలో ఎండబెట్టి జల్లించిన ఇసుక నింపితే మోగదు. కింద గ్రానైట్ మీద గీతలు పడకుండా రబ్బరు బిళ్లలు వేయండి. తీగ విషయంలో ఎవరు ఏం చెప్పినా వినకండి: 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ, అయిదు మీటర్ల దూరానికి రానుపోను కలిపి ఒక ఓమ్‌లో పదోవంతు కూడా అడ్డు కాదు.

ఆ గట్టి నేల, ఆ నున్నటి గోడలు మాత్రం స్పీకర్ కంటే ముందు మీరు ఖర్చు పెట్టాల్సిన చోటు. ఖాళీ హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. 'టంగ్' అని లోహపు తోక వినిపిస్తే, ఆ తోక ప్రతి పాటకూ అంటుకుంటుంది. స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద మందపాటి జంపఖానా ఒకటి పరవండి. పక్క గోడల మీద మందపాటి బట్ట ఎక్కడ వేయాలో తెలుసుకోవడానికి, మీరు సోఫాలో కూర్చుని, ఇంకొకరిని గోడ పొడవునా అద్దం జరపమనండి. అద్దంలో ట్వీటర్ మీకు కనబడిన చోటే శబ్దం గోడకు తగిలి మీ చెవికి తిరిగొస్తుంది. అక్కడ మా పాలమూరులో దొరికే గొంగడిని నాలుగు మడతలు వేసి, గోడకు నాలుగంగుళాల ఎడంగా కర్రకు వేలాడదీయండి. ఎడంగా వేయడమే ముఖ్యం: ఆ నాలుగంగుళాల వల్ల సుమారు 850 హెర్ట్జ్ నుంచి పైనున్న నాదాలను అది బాగా మింగుతుంది, గోడకు అతికిస్తే పై నాదాలను మాత్రమే మింగి గొంతును మసకబారుస్తుంది. బాస్‌ను మాత్రం ఏ గొంగడీ ఆపలేదు. దానికి స్పీకర్లను, సోఫాను జరపడమే మార్గం.

జరపడం ఇలా మొదలుపెట్టండి. స్పీకర్లను 12 అడుగుల గోడ వైపు, ఒకదానికొకటి ఆరున్నర అడుగుల ఎడంగా, వెనుక గోడకు అడుగున్నర వదిలి పెట్టండి. అప్పుడు ముందు ముఖం నుంచి గోడకు 70 సెంటీమీటర్లకు పైన అవుతుంది, గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం 120 హెర్ట్జ్ దగ్గర్లో కొంత రద్దు చేస్తుంది. అది పురుషుడి ఆధార షడ్జానికి దగ్గరి చోటు కాబట్టి, గొంతు పీలగా అనిపిస్తే స్పీకర్లను వెనక్కి రెండేసి అంగుళాలు జరుపుతూ వినండి. సోఫాను వెనుక గోడకు ఆనించకండి, గోడ దగ్గర బాస్ అన్నిటికన్నా ఎక్కువ పోగవుతుంది. రెండడుగులు ముందుకు తెచ్చినా చాలు. స్పీకర్లను మీ వైపు కొద్దిగా, మీ భుజాలను చూసేంత తిప్పండి.

కొనే ముందు దుకాణంవారిని రెండు రోజులకు ఇంటికి ఇవ్వమని అడగండి. మొత్తం డబ్బు కట్టి, నచ్చకపోతే తిరిగి ఇచ్చేలా రాయించుకుంటే కొందరు ఒప్పుకుంటారు. రెండు జతలూ వస్తే పైన చెప్పినట్టు తీవ్రత సరిచేసి, తెర వేసి వినండి. ఒక్క జతే వస్తే కెఫ్ తెప్పించుకోండి. మొదటి రోజు ఏ నిర్ణయమూ తీసుకోకండి, కొత్త స్పీకర్ కంటే ముందు మీ చెవికే అలవాటు కావాలి. రెండో రోజు తెల్లవారుజామున కూలర్ ఆపి, మోనో పాట ఒకటి వేసి, పాడుతున్న గొంతు రెండు పెట్టెలనూ వదిలేసి మధ్య గోడ మీద ఒక్కచోట వచ్చి నిలబడేదాకా స్టాండ్లను ఒక్కో అంగుళం జరుపుతూ ఉండండి. అది నిలబడిన చోట నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి, ఇంట్లోవారిని నేల మీద కూర్చోబెట్టి వారికీ అక్కడే వినిపిస్తోందా అని అడగండి.